జిప్పులక్క నెత్తురు

మా ల్యాబుకు నెలకోసారి ఒకామె నెత్తురు ఇవ్వడానికి వచ్చేది. బజారు మలుపులో జిప్పులు మార్చే చిన్న కొట్టు ఆమెది. అందుకని మాకందరికీ జిప్పులక్క. నేను అక్కడ నర్సును. సూది గుచ్చే పని నాది, నోటి దురుసు కూడా నాదే.

పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేకపోతే, లోపం ఎవరిదో తేల్చమని మొగుడు ఆమెను మా ల్యాబు కింది అంతస్తులోని ఆసుపత్రికి లాక్కొచ్చాడు. ఆమె ఒంట్లో ఒక రకం యాంటీబాడీలున్నాయని పరీక్షల్లో తేలింది. వీర్యకణాలు లోపలికి రాగానే అవి పట్టుకుని ఒకదానికొకటి అంటించేస్తాయి. కణాలన్నీ ముద్దకట్టి అక్కడే ఆగిపోతాయి. డాక్టరు ఈ సంగతి మెత్తగానే చెప్పారు. మొగుడు మెత్తగా వినలేదు. ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ పెద్దమనిషికి ఎప్పుడైనా సూది వేసే భాగ్యం కలిగితే, మొద్దు సూదే ఏరి తీస్తాను.

ఈమెకు పిల్లలు పుట్టకుండా చేసినదే, కొన్నాళ్లు పిల్లలు వద్దనుకునేవాళ్లకు మందుగా ఎందుకు పనికిరాదు అన్నది మా సైంటిస్టు మేడం ఆలోచన. హార్మోన్ల గోల ఉండదు, పిల్లలు కావాలనుకున్నప్పుడు మానేస్తే సరి. జిప్పులక్క నెత్తురులోని యాంటీబాడీని నమూనాగా తీసుకుని, తొట్టెల్లో పెంచిన కణాల చేత అలాంటిదే తయారుచేయించసాగారు. తయారైన ప్రతి విడతనూ ఆమె సీరంతో, అంటే నెత్తురు మీద తేరుకున్న పసుపుపచ్చ నీటితో, పక్కపక్కన పెట్టి పోల్చాలి. నకలు దీటుగా వచ్చేదాకా అసలు కావాలి. అందుకే నెలనెలా ఆమె రాక.

ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చేది. "ఏం తిన్నావక్కా? నిద్ర పట్టిందా? కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగేదాన్ని. అందరినీ అడిగే ప్రశ్నలే, బతుకుతెరువు ప్రశ్నలు. ఒకరోజు ఆమె అంది, "నన్ను ఈ మాటలు అడిగేది నువ్వొక్కదానివే చెల్లీ. కొట్టుకొచ్చేవాళ్లు జిప్పు ఇస్తారు, ఫోను చూసుకుంటారు."

దూది పెట్టి పట్టీ వేశాక కూడా ఆమె చెయ్యి నా చేతిలోంచి వెంటనే తీసుకునేది కాదు. పనుందని నేనే వదిలించుకునేదాన్ని.

ఒకసారి నకలు అచ్చం అసలులాగే పనిచేసింది. ల్యాబంతా ఒకటే సంబరం. మేడం స్వయంగా ఆమెను కూర్చోబెట్టి, "ఇక మీకు శ్రమ లేదమ్మా, రానక్కర్లేదు," అన్నారు.

"మంచిదేగా," అంది జిప్పులక్క. మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకోవడానికి చాలాసేపు పట్టింది.

వారం తిరక్కుండా మేడం తల పట్టుకున్నారు. నకలు గొట్టం, సీరం గొట్టం పక్కపక్కనే ఉండి, పోలికలో రెండు పక్కలా జిప్పులక్క సీరమే పడింది. అసలును అసలుతో పోల్చుకుని చంకలు గుద్దుకున్నామన్నమాట. ఫోన్ చేసి, "పొరపాటైందక్కా, మళ్లీ రావాలి," అన్నాను.

మర్నాడు మేం తలుపు తాళం తీసేసరికే వచ్చి నిలబడి ఉంది. సూది గుచ్చుతున్నా నవ్వుతూనే ఉంది. ఇంతలో మొహం చిన్నబుచ్చుకుని, "మీ పని చెడిపోతే నేను నవ్వకూడదు కదూ," అంది.

తర్వాత చాలా నెలలకు నకలు నిజంగానే కుదిరింది. వేరే ల్యాబులో కూడా చూసి సరేనన్నారు. ఈసారి చెప్పే పని నా మీద పడింది. నేను నోరు తెరిచేలోపే ఆమె చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి బల్ల మీద పెట్టేసింది. సూది పక్కన పెట్టి, ఆ చెయ్యి పట్టుకున్నాను. మందు ఆమె వల్లే వచ్చిందన్నాను, ముందుముందు ఎంతోమందికి పనికొస్తుందన్నాను.

ఆమె అన్నిటికీ తలూపింది. తర్వాత మెల్లగా అడిగింది.

"చెల్లీ, ఈసారి సరిగ్గా చూశారా? మళ్లీ రెండు పక్కలా నాదే పెట్టారేమో."

సరిగ్గానే చూశారు. నేను పక్కనే ఉన్నాను.

"మళ్లీ ఒకసారి చూడమంటానక్కా," అన్నాను.

"చూసి ఫోన్ చెయ్యి మరి," అని లేచింది. మడిచిన చొక్కా చెయ్యి దించుకోకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.