నక్షత్రాలమ్మ పట్టిక

ఆ గ్రంథాలయంలో ఆవిణ్ణి అందరూ నక్షత్రాలమ్మ అనేవారు. ముద్దుపేరు అనుకునేరు, శుద్ధ వెక్కిరింత! నలభై ఒక్క వేల పుస్తకాల వివరాలను పదకొండేళ్ళపాటు కంప్యూటర్లోకి ఎక్కించిన మనిషి. పుస్తకం పేరు కొట్టి ఒక నక్షత్రం గుర్తు, రచయిత పేరు కొట్టి ఇంకో నక్షత్రం. రోజూ సాయంత్రం ఆ పేజీలు ముద్రించుకుని, స్కేలు పెట్టి తప్పులు వెతికేది. నక్షత్రం ఉంటేనే ఆవిడ చూపు దారి తప్పేది కాదు.

"ఇది పట్టికా, ఆకాశమా? తీసేయండమ్మా అవన్నీ," అని గ్రంథాలయాధికారి ఒకరోజు కసిరాడు. కాదనలేక పిల్లల పుస్తకాలు ఆరువందల పన్నెండింటికి తీసేసి ఆయనకి చూపించింది. ఆపైన ప్రాణం ఒప్పలేదు. అడిగినప్పుడల్లా "చేస్తున్నానండీ" అనేది. మొండిఘటం!

ఇంతలో ఆ ప్రోగ్రాం అమ్మిన కంపెనీ బోర్డు తిప్పేసింది. నెలాఖరుకి లైసెన్సు అయిపోతే పట్టిక ఇక తెరుచుకోదు. ఫోనెత్తే నాథుడు లేడు. ఆవిడ రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. "నా పదకొండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరేనా?" అని బీరువాల మధ్య నిలబడి ఏడ్చేసింది.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఒక దారి చెప్పాడు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, లోపలి కోడుతో సహా అందరికీ ఉచితంగా వదిలేసిన గ్రంథాలయ ప్రోగ్రాం ఒకటుందన్నాడు.

"ఊరికే వస్తే ఫినాయిలైనా తాగమంటావా?" అన్నాడు అధికారి.

"వీళ్ళు మూత తీసి లోపలేముందో చూపిస్తున్నారు సార్. మనం కొన్నదే సీలేసిన సీసా. ఇప్పుడు మూత రావట్లేదు."

అధికారి గొణుక్కుంటూనే సరేనన్నాడు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. పాత ప్రోగ్రాం కాగితం మీద ముద్రించడం తప్ప వివరాలను బయటికివ్వదు. ముద్రణకు వెళ్ళేదాన్నే కంప్యూటర్లాయన ఒక ఫైల్లోకి మళ్ళించాడు. అంతా ఒకే ముద్ద. పుస్తకం పేరెక్కడ ముగిసిందో, రచయిత ఎక్కడ మొదలయ్యాడో యంత్రానికేం తెలుస్తుంది? తల పట్టుకున్నవాడల్లా ఒక్కసారి లేచి కూర్చున్నాడు.

"అక్కా, ఈ నక్షత్రాలు అన్నిటికీ పెట్టారా?"

"దాదాపు అన్నిటికీ పెట్టాను... తిడతారా?"

"తిట్టడమా! ఇవి కనబడ్డ చోటల్లా విడగొట్టమని యంత్రానికి చెప్తాను. మీ పని బతికింది అక్కా!"

ఒక్క మధ్యాహ్నంలో అన్నీ కొత్త ప్రోగ్రాంలో ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. ఆరువందల పన్నెండు మాత్రం కలగాపులగమయ్యాయి.

"ఇవెందుకిలా?" అన్నాడు అధికారి.

"నా పొరపాటేనండీ," అంది ఆవిడ నేల చూస్తూ.

అధికారి తెరమీదికి వంగి చూశాడు. అన్నీ పిల్లల పుస్తకాలే. గుర్తొచ్చింది కాబోలు, ఆ పుస్తకాల జాబితా రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ పుస్తకాలు ఒక దొంతర మోసుకొచ్చి, స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. "నేను చదువుతాను, మీరు కొట్టండి." మొదటి పుస్తకం పేరు చదివి ఆగాడు. "నక్షత్రం," అన్నాడు.

"ఈ కొత్త ప్రోగ్రాంలో అక్కర్లేదండీ. దేని గడి దానికుంది."

"ఉండనీ అమ్మా. తీసేయమన్నది నేనే కదా."

రచయిత పేరు చదివి, మళ్ళీ "నక్షత్రం" అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని కొట్టింది.