నా కడుపుమంటకు ఇత్తడి బుష్షులు

ఆ రోజుల్లో నాకు పక్కవాడి మిద్దె చూసినా అసూయ పుట్టేది కాదు, పొలం చూసినా పుట్టేది కాదు. (వాన మొహం చూడని మా యాడికి ఊరి చేలను చూసి ఎవడికైనా కుళ్లు పుడితే వాడికి వైద్యం అవసరం.) నా కుళ్లంతా ఒక్క గేరు రాడ్డు మీద. అది మా బావ కారుది. బావంటే అక్క మొగుడు, గోరంట్ల మనిషి, చింతపండు వ్యాపారం. నేను బోరు మోటార్లు అమ్మే ఉద్యోగంలో కొత్తగా చేరి, ఊరూరూ తిరగడానికి ఒక పాత కారు కొన్నాను. నెల తిరక్కముందే బావ కూడా అదే కారు, అదే రంగు, నాదానికంటే రెండేళ్లు పాతది కొన్నాడు. అక్కడితో ఆగి ఉంటే మా బంధుత్వం చల్లగా ఉండేది.

మా నాయన నలభై ఏళ్లు నీళ్ల ట్యాంకరు నడిపిన మనిషి. ఎండాకాలంలో చుట్టుపక్కల పల్లెలన్నీ బిందెలు వరసగా పెట్టుకుని ఆయన హారను కోసం కాచుకునేవి. ఆయన మనిషిని మొహం చూసి కాదు, గేరు వేసే చెయ్యి చూసి అంచనా కడతాడు. అక్కకు సంబంధం వచ్చినప్పుడు కూడా పిల్లాడి చదువు సంగతి వదిలేసి, "బండి తోల్తాడా?" అని అడిగాడు. అలాంటి నాయన నా కారెక్కితే ఊరి పొలిమేర దాటకముందే తల వెనక్కి వాల్చి గురక మొదలుపెట్టేవాడు. బావ కారెక్కితే మాత్రం నిటారుగా కూర్చుని, కళ్లింతలు చేసుకుని, దారి పొడవునా మాటలే మాటలు. దిగాక మెచ్చుకోలు వేరే. "అల్లుడి బండిలో గేరు చూసినావా? టక్కున పడతాండాది. నీదీ ఉండాది ఎందుకు, సంగటి కుండలో తెడ్డు తిప్పినట్ల" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. నా కారు నాయనకు జోలపాట, బావ కారు కచేరీ అన్నమాట.

ఆ టక్కుమనడం వెనక ఏముందో తెలుసుకోవడానికి సిగ్గు విడిచి బావనే అడిగాను. గేరు రాడ్డు కింద, కేబుళ్లు తగులుకునే చోట, ఉంగరాల్లాంటి రబ్బరు బుష్షులుంటాయి. అవి అరిగితే గేరు వదులైపోతుంది. "రబ్బరువి పీకేసి రెండు ఇత్తడివి ఏపిచ్చినా. గుంతకల్లులో లేతు మిషను మేస్త్రి ఉండాడు, పో" అన్నాడు బావ, దానమిచ్చిన వాడిలా. మరునాడే గుంతకల్లులో ఆ మేస్త్రి ముందు నిలబడ్డాను.

"మా బావకు రెండేసినావంట. నాకు అన్నీ ఏసేయ్" అన్నాను.

మేస్త్రి కళ్లద్దాల పైనుంచి చూశాడు. "అన్నీ వద్దప్పా. రబ్బరు ఉండేది దెబ్బ తాగేదానికి. ఇత్తడికి అది చేతకాదు. ఇంజను వణుకంతా నీ చేతికొస్తాది."

"రానీలే. మా బావ దానికంటే గట్టిగా పడల్ల గేరు."

"ఇంతకూ ఇవి గేరుకు ఏపిస్తాండావా, మీ బావకు ఏపిస్తాండావా?" అని నవ్వుతూ ఇత్తడి కడ్డీ మిషనుకు బిగించాడు. నేను రోషంతో పక్కకు తిరిగాను. (సమాధానం ఇద్దరికీ తెలుసు.)

నిజం చెప్పొద్దూ, మొదటి గేరు పడినప్పుడు ఆ 'టక్' విని నా ప్రాణం లేచొచ్చింది. ఊరు దాటాక రాడ్డు చిన్నగా పాట అందుకుంది. వేగం పెంచితే తలుపులు కూడా వంత పాడాయి. ఇంటికొచ్చి అన్నం కలుపుతుంటే వేళ్లు నావి కానట్టున్నాయి. అయినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం నాయనకు కళ్లు చూపించాలని తాడిపత్రికి బయలుదేరాం. ఖాళీ రోడ్డు మీద అవసరం లేకపోయినా మూడు నుంచి నాలుగు, నాలుగు నుంచి మూడు వేస్తూ ఆయన వైపు ఓరగా చూశాను. నిద్ర లేదు! నిటారుగా కూర్చున్నాడు! నా ఆనందం పట్టలేక, "ఈరోజు నిద్రపోలేదే నాయనా?" అన్నాను.

"యాడ పోతార్రా నిద్ర? పండ్లు కదులుతాండాయి" అంటూ కట్టుడు పళ్లు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాతి ఊళ్లో బస్సు కనబడగానే, "నిలుపు. నువ్వు కారులో రా, నేను దాంట్లో వస్తా" అని దిగిపోయాడు. బస్సు వెనక ఒంటరిగా కారు నడుపుకుంటూ పోయిన ఆ పది మైళ్లూ నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత ఎక్కడికి పోవాలన్నా నాయన బావకే ఫోను చేసేవాడు.

కొన్నాళ్లకు బావ ఇంటికొస్తే ఉండబట్టలేక అనేశాను, "నీకేం బావా, రాజువి. నాయనకు నీ బండి తప్ప కనపడదు" అని. నవ్వుతాడనుకున్నాను. మొహం ముడుచుకున్నాడు.

"ఎగతాళి చేస్తాండావా ఏమప్పా? ఏడాదాయ, మామ నా బండిలో ఒక్కనాడన్నా కన్ను మూసినాడా? చూపంతా నా చెయ్యి మీదనే. ఉండలేక ఒకనాడు అడిగేసినా. 'తోలేటోని మీద నమ్మకముంటే కదా అల్లుడా, నిద్రొచ్చేది' అన్నాడు. నీ బండెక్కితే పొలిమేరలోనే గురక. నాకెంత కుళ్లో నీకేం ఎరుక? గేరన్నా బాగుంటే నిద్రపోతాడేమోనని ఆ ఇత్తడి ఏపిచ్చినా."

నలభై ఏళ్ల డ్రైవరు నాకిచ్చిన బహుమానాన్ని నేనే డబ్బిచ్చి పీకించుకున్నాను! మేస్త్రి పీకి నా చేతికిచ్చిన పాత రబ్బరు బుష్షుల కోసం ఇల్లంతా వెతికితే అవి అమ్మ మిక్సీ కాళ్ల కింద దొరికాయి. "అవి తీస్తే మిక్సీ ఎగురుతాది. నీ కారు కంటే నా ఊరిబిండి పచ్చడి ముఖ్యం" అంది అమ్మ. మిక్సీకి కొత్త కాళ్లు తెచ్చిచ్చాకే వదిలింది. గేరు మళ్లీ సంగటి తెడ్డయింది. నాయన ఎక్కి, రెండు నిమిషాలు చెవి ఒగ్గి విని, "ఇప్పుడు బండి మాదిరుండాది" అని తల వాల్చాడు. పొలిమేర రాకముందే గురక.

ఇప్పుడు నాది గేరు మార్చే పనే లేని కారు. "గేరే లేకుంటే ఇంగ తోలేదేముండాది?" అని నాయన తిట్టి మరీ నిద్రపోతాడు. మొన్న గుంతకల్లు దగ్గర రైలు గేటు పడింది. పక్కన గురక మంచి ఊపు మీదుంది. నాలో పాత బుద్ధి కదిలి, బావకు ఫోను చేసి నాయన దగ్గరగా పెట్టాను. "విన్నావా బావా?" అన్నాను. తిట్టి పెట్టేస్తాడనుకున్నాను.

"ఇంకొంచెం దగ్గరగా పెట్టప్పా" అన్నాడు బావ.

గేటు లేచేదాకా ఇద్దరం విన్నాం.