మావ వరండాలో ఇంటర్వ్యూ

కోర్టు మెట్టెక్కని లాయర్లు కూడా ఉంటారని మా మావకి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. మావంటే మా అమ్మ తమ్ముడు. నందిగాం దగ్గర ఊళ్లో జీడితోటలూ, పార్టీలో చిన్న పదవీ, దానికి పదింతల నోరూ ఉన్న మనిషి. నేనప్పుడు విశాఖలో లా మూడో ఏడు. కంపెనీలకి ఒప్పందాలు రాసే పెద్ద ఆఫీసులో చేరాలని నా ఆశ. ఆయన ఆశ వేరు. కాశీబుగ్గలో నా పేరున బోర్డు కట్టించి, పార్టీ కేసులన్నీ నాచేత ఉత్తినే నడిపించుకోవాలి.

"కంపెనీల కాయితాలు సదవడమేటే? గుమస్తా పనని సెప్పు, సరిపోద్ది," అనేవాడు. ఈయన మొహానికి గుమస్తా పనైనా వచ్చా? పదో తరగతి ఎలా గట్టెక్కాడో ఆ దేవుడికే తెలియాలి! నేను సెలవులకి వెళితే చాలు, నన్ను వరండాలో కుర్చీలో కూలేసి, "మా కోడలుపిల్ల లాయరు, అడగండర్రా," అని ఊరందర్నీ నా మీదికి తోలేవాడు.

ఆ వేసవిలో అలాంటి పెద్ద ఆఫీసు ఒకదానితో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పడింది. ఇంటర్న్‌షిప్ దొరికితే తర్వాత ఉద్యోగమూ అక్కడే. పోతే మావ బోర్డే గతి. నా ఖర్మకొద్దీ మావ ఇంట్లో సిగ్నల్ అందేది వరండాలోనే. ఒక్క అరగంట నోరు కట్టేసుకోమని మావని బతిమాలాను. సరేనన్నాడు. ఇంటర్వ్యూ చేసే సారు ఫోన్‌లో పలకరించాడో లేదో, మావ ఇద్దరు అన్నదమ్ముల తగువు తెచ్చి నా పక్కనే పెట్టాడు.

తండ్రి పోయాక తోట పంచుకోవాలి. అన్నేమో మావ పార్టీ. ఇంకేం, తీర్పు ముందే అయిపోయింది. "తోట పెద్దోడికి ఒగ్గీరా. నీకా మెట్ట ముక్క సాలదేటి?" అన్నాడు తమ్ముడితో. ఆ తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషి, తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"తండ్రి ఆస్తిలో ఇద్దరికీ సమానమే మావా! తమ్ముడి సంతకం లేకుండా నువ్వెలా రాసిచ్చెత్తావు?" అని అరిచాను, ఇంటర్వ్యూ సంగతే మర్చిపోయి.

ఫోన్‌లో సారు నవ్వి, ఏమైందని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. "నువ్వన్నది కరెక్టే. సరే, ఆ అన్నే మన క్లయింట్ అనుకో. ఏం సలహా ఇస్తావు?" అన్నాడు.

ఓరి నాయనో! టై కట్టుకుని ఇంగ్లీషు మాట్లాడే మావ ఇంకొకడు! ఛీ అనిపించింది. అనిపించింది గానీ, నోరు ఆగలేదు. తమ్ముడి చేతిలో ఎంతో కొంత పెట్టి, వాటా వదులుకున్నట్టు రాయించుకోవాలన్నాను. ఒప్పుకోకపోతే, అతను అలిసిపోయేదాకా కోర్టులో ఏళ్లకేళ్లు లాగొచ్చన్నాను. అంతా చక్కటి ఇంగ్లీషులో, ఎక్కడా తడుముకోకుండా.

"గుడ్. వచ్చే నెల వచ్చి చేరు," అన్నాడు సారు.

ఫోన్ పెట్టేసి చూద్దును కదా, ఇంగ్లీషు ముక్క రాని ఆ తమ్ముడు కళ్లనిండా నీళ్లతో నా ఎదుట నిలబడి ఉన్నాడు.

"నా కోసం పెద్దోళ్లతో అంతసేపు మాటాడినావు తల్లీ," అన్నాడు.