గుట్టను ఎక్కడ పెట్టాడు?

ఎనభైల్లో ఎల్‌బీ నగర్‌లో ఇంటి స్థలం చూడడానికి తెనాలి నుంచి వచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీ బస్సెక్కాక, పక్క సీటు పెద్దాయన నా చేతిలోని చైనా జానపద కథల పుస్తకం చూసి, "ఏం కథ సారూ, జర చెప్పు" అన్నాడు.

మాస్టారిని కదా, బడిలో చెప్పినట్టే చెప్పాను. ఇంటికి అడ్డంగా ఉన్న గుట్టను ఒక ముసలాయన తవ్వడం మొదలుపెట్టాడు. తన తర్వాత కొడుకులు, మనవలు తవ్వుతారన్నాడు. ఆ పట్టుదలకు మెచ్చి దేవుడే గుట్టను మోయించి ఇంకోచోట పెట్టించాడు.

ఇక్కడికి రాగానే మా పిల్లలు చప్పట్లు కొడతారు. పెద్దాయన మొహం చిట్లించాడు.

"ఏడ వెట్టిచ్చిండు?"

"ఎక్కడో దూరంగానండీ."

"గదే, ఎవని పొలంల?"

ఇన్నేళ్లలో ఏ పిల్లవాడూ ఆ మాట అడగలేదు.

"మా ఊరి గుట్ట పగలగొట్టి కాలనీ చేసిన్రు సారూ. గా రాళ్లన్ని తెచ్చి మా బాయిల పోసిన్రు. నీళ్లున్న బాయి" అని, కొత్తపేటలో దిగిపోయాడు.

ప్లాటు దగ్గర ఏజెంటు మురిసిపోతూ, "చూడండి సార్, నేల ఎంత చదునుగా ఉందో!" అన్నాడు. అడుగు వెయ్యాలో వద్దో తెలియక, నేను అంచునే నిలబడిపోయాను.