ఓటీపీ రాలేదన్నాను

నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. మా ఆయన జబ్బుచేసి పోయాక మణుగూరులో నేను, నా బిడ్డ స్వప్న మిగిలాం. ఇంటరయ్యాక అది హోమ్ సైన్స్ డిగ్రీ చదువుతానంది. ఏ కాలేజీ ముందు కావాలో వరస పెట్టడానికి నెట్ సెంటర్‌కు పోయాం. నేను ఖమ్మం అంటే, అది హైదరాబాద్ కాలేజీని మొదట పెట్టించింది.

"ఇల్లు నడుపుడు నేర్వనీకి ఇల్లిడిచి పోవాల్నా?" అన్నాను.

"వంటొక్కటే కాదమ్మా, ఏ రోగానికి ఏం తినాల్నో గూడ చెప్తరు."

వరస ఖాయం చేయడానికి సెంటర్ ఆయన ఓటీపీ అడిగాడు. నా ఫోన్‌కే వచ్చింది. నాకు అక్షరాలు సరిగా రావు గాని అంకెలు వచ్చు. అవి చెబితే పిల్ల దూరం పోతుంది.

"రాలేదు" అన్నాను.

ఆయన మళ్లీ పంపాడు. చేతిలో ఫోన్ టింగుమంది.

"ఏందక్కా, మోగింది గద!" అని వెనకున్న ఆడవాళ్లు నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. స్వప్న నా మొహం చూసి, "ఖమ్మమే పెట్టన్నా" అంది మెల్లగా.

ఆ మాటకు నా మనసు ఒప్పలేదు. "వద్దు, హైదరాబాదే ఉంచు" అని ఒక్కో అంకె గట్టిగా చదివాను.

మొన్న స్వప్న హైదరాబాద్ నుంచి సెలవులకొచ్చి, నాకు రక్తం తక్కువుందని మునగాకు పప్పు చేసి ఎదురుగా కూర్చుని తినిపించింది. అది మళ్లీ కాలేజీకి పోయాక నేనూ అట్లాగే వండుకున్నాను. సగం కూడా తినలేకపోయాను. "ఇంకొంచెం తినమ్మా" అనే మనిషి ఉండాలి కదా.