సావిత్రమ్మ తెరిచిన తలుపు

బేస్తవారిపేట నుంచి గిద్దలూరు పోయే దారిలో రంగనాయకులు తన పొలంలో చేతిపనుల గ్యాలరీ పెట్టినప్పుడు, అక్కడే ఉండి పనిచేయడానికి అందరికంటే ముందు వచ్చింది సావిత్రమ్మ. కుమ్మరుల ఇళ్లలో ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, కుండలు ఆరబెడతారు. సారె మాత్రం తిప్పరు. భర్త రామయ్యకు నడుము పడిపోయాక ఆమె సారె ముందు కూర్చుంది. బంధువులు నవ్వారు. ఆమె చేసిన కూజాలు దర్శి దాకా పోయాక నవ్వడం మానేశారు.

కొన్నేళ్ల పాటు కాలేజీ బస్సులొచ్చినా, కార్లొచ్చినా జనమంతా ఆమె సారె చుట్టే నిలబడేవాళ్లు. గ్యాలరీ గుమ్మానికి ఎదురుగా ఎత్తు పీట మీద ఆమె చేసిన పెద్ద బాన ఉండేది.

తర్వాత ఎలీషబా వచ్చింది. కురిచేడు దగ్గర కూలికి పోయే ఇస్సాకు కూతురు. ఉత్తరాదికి పోయి గాజు ఊదడం నేర్చుకుంది. సావిత్రమ్మ పాకకు ఎదురుగానే ఆ పిల్లకు కొలిమి కట్టించారు. ఇనుప గొట్టం చివర ఎర్రటి ముద్ద బుడగలా ఉబ్బుతుంటే జనం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. సారె దగ్గర ఎవరూ మిగిలేవాళ్లు కాదు.

“ఊదడం గూడా ఒక పనేనా! అంతా అగ్గి చేస్తాది, పేరు మాత్రం దీనికి,” అని సావిత్రమ్మ భర్త దగ్గర సణిగేది. ఎలీషబా “అత్తా” అంటూ టీ తెచ్చిస్తే తాగేది కాదు. ఆ పిల్ల అటు తిరగగానే మొక్కల్లో పోసేది.

ఒక శనివారం రంగనాయకులు వచ్చాడు.

“సావిత్రమ్మా, ఆ బాన లోపలి గదిలో పెడదాం. గుమ్మం కాడ ఎలీషబా గాజు దీపాలు పెడితే బాగుంటాది.”

“నా బాన ఏం పాపం చేసింది సార్?”

“పాపమేముంది? జనం వాటినే అడుగుతా ఉండారు.”

ఆ సాయంత్రం ఎలీషబా ఊదిన దీపాలన్నీ చల్లార్చే పొయ్యిలోకి చేరాయి. మూసిన తలుపు వెనక అవి మెల్లగా చల్లారాలి. తెల్లారి ఆదివారం ఆమె చర్చికి పోయింది. సావిత్రమ్మ ఎదురు పాకలోకి నడిచింది. కుండలు కాల్చే ఆవాన్ని వేడి మీద తెరిస్తే అవి ఏమవుతాయో తెలియని కుమ్మరి ఉండదు. తెలిసే ఆ పొయ్యి తలుపు బార్లా తీసింది. గాలి లోపలికి పోయింది. టిక్కుమని ఒక దీపం పగిలింది, ఆ వెంటనే ఇంకొకటి. ఆ చప్పుడు ఆమె చెవులకు హాయిగా ఉంది. తలుపు మూసి వచ్చేసింది.

చర్చి నుంచి వచ్చిన ఎలీషబా పొయ్యి చూసుకుని కూలబడింది. “నేనే వేడి సరిగ్గా పెట్టలేదేమో అత్తా. నాకింకా పని రాలేదు.”

“పోనీలే పాపా,” అంది సావిత్రమ్మ. ఆ పూట కడుపు నిండా తిన్నది.

మర్నాడు ఎలీషబా ఆ ముక్కలన్నీ ఏరి కొలిమిలో వేసింది.

“పగిలినవి ఏం పనికొస్తాయి?” అని సావిత్రమ్మ గడపలో నిలబడి అడిగింది.

“గాజు కదత్తా. మళ్లీ కరుగుతాది.”

సావిత్రమ్మకు ఒళ్లు మండిపోయింది. కాలిన కుండ పగిలితే పెంకులే మిగులుతాయి. ఈ పిల్లకు పగలగొట్టినా నష్టం లేదు! ఆ ఉక్రోషం పట్టలేక నోరు జారింది.

“తలుపు తీసింది నేనే.”

ఎలీషబా గొట్టం పక్కన పెట్టింది. “ఎందుకత్తా?”

“అందరూ నీ కాడికే పోతారు గదా.”

“నేనేం రమ్మని పిలిచినానా? నా తప్పేమోనని రాత్రంతా ఏడ్చినా. ఇంక నాతో మాట్లాడొద్దు.”

ఎలీషబా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తన పాకకు మాత్రం తాళం కప్ప కొనుక్కుంది.

వారం తిరిగేసరికి కొత్త దీపాలు గుమ్మం ఎదుటికి వచ్చాయి. సావిత్రమ్మ రంగనాయకులు దగ్గరకు పోయి, తన సారెను పాక వెనక్కి మార్పించమని అడిగింది.

“అటు కొండలు తప్ప ఏముంది?” అన్నాడాయన.

“చల్లగా ఉంటాది సార్.”

ఇప్పుడామె నల్లమల వైపు తిరిగి కుండలు చేస్తోంది. ఎవరో ఒకరు వెతుక్కుంటూ అటు కూడా వస్తారు. వచ్చినవాళ్లను ఆమె ముందుగా అడిగేది ఒకటే:

“గాజు చూసే వచ్చినారా?”