పాస్టరయ్య మధ్యలో ఆపిన ప్రార్థన

1979 జూన్, ఆదివారం మధ్యాహ్నం, వడమాలపేటలో మా ఇంట్లో ప్రార్థన. హాజరైనవారు: పాస్టరయ్య, నా భార్య సుగుణ, బంగారుపాళ్యం నుంచి వారం కిందట వచ్చిన మా అత్తగారు, మంచం మీద నేను. డైరీలో ఇంతే రాసుకున్నాను సహోదరులారా, కానీ అత్తగారు తెచ్చిన మామిడిపండ్ల వాసన కూడా నాకింకా గుర్తుంది!

కడుపులో పుండుకు తిరుపతి డాక్టరు ఇచ్చిన మాత్రలతో నొప్పి తగ్గింది గానీ, ఆ వారమంతా నోరెండి పాట పెగలక, వాక్యం చదవబోతే అక్షరాలు అలుక్కుపోయి, కూర్చున్నచోటే గుండె దడదడ కొట్టుకుంటుంటే, గుండె ఆగి చనిపోయిన మా నాయనను తలచుకొని నా గడియా వచ్చిందనుకున్నాను.

"ఏదో గాలి సోకిండాది అల్లుడా, మూడు దినాలు పస్తుండి ప్రార్థన చేస్తే పోతాది" అంది అత్తగారు. నేనూ సరేనన్నాను.

పాస్టరయ్య నా రొమ్ము మీద చెయ్యి ఉంచి, "ప్రభువా, నీ బిడ్డను..." అంటూనే ఆగిపోయారు. ఆమేన్ అనకుండా ఆయన కళ్లు తెరవడం నేనెన్నడూ చూడలేదు!

"ఇదేందప్పా, గుర్రం పరిగెత్తినట్టుండాది! ఏమేం మింగతాండావు నువ్వు?"

సుగుణ మాత్రలు తెచ్చింది. అత్తగారు తన కడుపునొప్పికి వాడే చుక్కలమందు సీసా ముందుపెట్టింది. నాకూ మేలు చేస్తుందని ప్రేమతో పూటపూటా తాగించిన మందే అది.

"పస్తు నేనుంటా, నువ్వు మజ్జిగన్నం తిని బస్సెక్కు" అని పాస్టరయ్య నన్ను తిరుపతికి తీసుకుపోయారు.

డాక్టరు రెండూ చూసి, "ఒకే జాతి మందులప్పా ఇవి! కడుపులో పులుపు ఊరించే నరమే గుండెకు కళ్లెం. మందు ఆ నరాన్ని అణిస్తే పులుపూ తగ్గుతాది, కళ్లెమూ వదులైతాది. రెండింతలు పడితే గుర్రం నిలుస్తాదా? నేను చెప్పేదాకా రెండూ ఆపు" అన్నారు.

ఇల్లు చేరగానే పాస్టరయ్య, "గాలి కాదమ్మా, ఆ దయ్యం నీ సంచిలోనే బంగారుపాళ్యంలో బస్సెక్కినాది" అంటే, అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతూనే ఏడ్చింది.

సహోదరులారా, ప్రార్థన ఆగిపోతే దేవుడు వినలేదనుకోకండి, ఆ చేతికి నా గుండె చప్పుడు వినిపించినవాడు ఆయనే! పాస్టరయ్య ఇప్పుడు ప్రభువు దగ్గరున్నారు, ఆ చేతి వెచ్చదనం ఇంకా నా రొమ్ము మీదే ఉంది. మీ భయాన్ని ఆయనకు అప్పగించండి, ఆయన పంపే మనుషుల మాటా వినండి. దేవునికే మహిమ!

తిరుపతి నుంచి వచ్చిన మరునాడు ఉదయం సుగుణ చింతపండు చారుకు పోపు పెట్టింది. కడుపులో పుండుందని నాకు పెట్టదని తెలిసినా, పడుకున్నచోటే నా నోట్లో నీళ్లూరాయి! అప్పుడే పాస్టరయ్య వచ్చి, నా రొమ్ము మీద చెయ్యి ఉంచి, గుర్రం నెమ్మదించిందని చూసుకొని, ముందురోజు ఆపినచోటి నుంచి ప్రార్థన అందుకొని, ఆమేన్ అని, ఆ చారుతోనే పస్తు విడిచారు.